రోడ్డు పడమర, ఎలివేషన్ పడమర: ఒక ఆఫీసు బిల్డింగ్ డిజైన్ డైరీ

ముందు స్థలం వివరాలు. విజయవాడలో రామవరప్పాడు రింగ్ దాటాక, హైవే నుంచి లోపలికి వెళ్ళే రోడ్డు మీద 80 × 120 అడుగుల ప్లాటు. అంటే 1,067 గజాలు, సెంట్లలో చెబితే 22. 80 అడుగుల వైపు రోడ్డు. ఆ రోడ్డు పడమర. ఈ డైరీ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కట్టించేది ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ. ఇది వాళ్ళ హెడ్డాఫీసు. స్టాఫ్ 110 మంది, రాత్రిళ్ళు డిస్పాచ్ డెస్కు నడుస్తుంది. చుట్టూ ఖాళీ వదలగా బిల్డింగుకు 54 × 84 అడుగులు మిగిలాయి. కింద స్టిల్టులో పార్కింగ్, పైన మూడంతస్తులు, మొత్తం 13,608 చదరపు అడుగులు. పడమర రోడ్డు ప్లాటులో ఆఫీసు కట్టేవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం లేరు. వాళ్ళకి పనికొస్తుందని తప్పులతో సహా రాస్తున్నాను. లెక్కలు ఎవరైనా వాడుకోవచ్చు.

మొదటి దశ: గాజు పెట్టె (ఫిబ్రవరి, మార్చి)

ఓనరు గారు అడిగింది ఒక్కటే: "అమ్మా, హైవే మీద వెళ్ళేవాడికి కనపడాలి. హైదరాబాద్‌లో ఉన్నట్టు అంతా గాజు ఉండాలి." నేను అలాగే గీశాను. పడమటి గోడ 54 అడుగుల వెడల్పు, స్టిల్టు పైనుంచి 38 అడుగుల ఎత్తు. సుమారు 2,000 చదరపు అడుగులు. అందులో 1,400 గాజు. త్రీడీ బొమ్మ అద్భుతంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. అక్కడే తప్పు జరిగింది.

మార్చిలో ఒకరోజు గవర్నర్‌పేటలో ఉన్న వాళ్ళ పాత ఆఫీసుకి సంతకాల కోసం వెళ్ళాను. మధ్యాహ్నం మూడున్నర. అక్కడా పడమర గాజే. ఆ గాజుకి లోపలివైపు కర్టెన్, కర్టెన్ వెనక పాత క్యాలెండర్లు, వాటి మీద ఏదో గృహప్రవేశం ఫ్లెక్సీ ముక్కలు, బ్రౌన్ టేపుతో నాలుగు వైపులా అంటించి ఉన్నాయి. బయట అంత ఎండ ఉంటే లోపల ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. అకౌంట్స్ చూసే ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, మానిటర్‌ని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "నాలుగయితే ఇక్కడ కూర్చోలేమండీ, రిసెప్షన్ దగ్గరకి వెళ్ళిపోతాం" అన్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. 1,400 చదరపు అడుగులు అంటే 130 చదరపు మీటర్లు. వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. మామూలు గాజు అందులో 80 శాతం లోపలికి వదులుతుంది. అంటే 62 కిలోవాట్లు. టన్ను ఏసీ తీసేసే వేడి మూడున్నర కిలోవాట్లు కాబట్టి, ఆ ఒక్క గోడకే దగ్గర దగ్గర 18 టన్నులు.

ఖరీదైన గాజు వేస్తే? 2017 నాటి ఈసీబీసీ (బిల్డింగుల్లో కరెంటు ఆదా కోసం పెట్టిన కోడ్) ప్రకారం ఉత్తరం తప్ప మిగతా వైపుల గాజు ఎండ వేడిలో 27 శాతానికి మించి లోపలికి వదలకూడదు. మొత్తం గోడల్లో గాజు 40 శాతం దాటకూడదు. 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ ఉండే కమర్షియల్ బిల్డింగులకి ఆ కోడ్. నా డ్రాయింగులో నాలుగు వైపులా కలిపి గాజు 45 శాతం వచ్చింది. త్రీడీ బొమ్మ మెచ్చుకున్నవాళ్ళెవరూ ఆ లెక్క అడగలేదు, నేనూ వేయలేదు.

లెక్క, మొదటి దశ చివర:
- పడమర గాజు: 1,400 చ.అ.
- ఎత్తు: ప్లింత్ (రోడ్డు నుంచి కింది దిమ్మ ఎత్తు) 0.30 + స్టిల్టు 3.00 + మూడంతస్తులు 3.90 చొప్పున 11.70 = 15.00 మీటర్లు
- ఫోమ్‌బోర్డు మోడల్‌కి: రూ. 1,850

ఆ 15.00 చూసి అప్పుడు నాకేమీ అనిపించలేదు. దాని సంగతి నాలుగో దశలో.

రెండో దశ: మేడ మీద నాలుగు డబ్బాలు (ఏప్రిల్)

ఓనరు గారికి వాట్ల లెక్క చెబితే వినరు. థర్మామీటర్ చూపిస్తే వింటారు. మా ఆఫీసు మేడ మీద రెండడుగుల ప్లైవుడ్ డబ్బాలు నాలుగు పెట్టాం. ప్రతి డబ్బాకీ పడమర ముఖం మాత్రం వేరు:

అ. 5 మి.మీ. మామూలు గాజు
ఆ. నీలం రిఫ్లెక్టివ్ గాజు
ఇ. మామూలు గాజు, ముందు అడ్డంగా చెక్క పలకలు (150 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. ఎడం)
ఈ. గాజు లేదు, నాలుగున్నర అంగుళాల ఇటుక, ప్లాస్టరింగ్

మొదటి రెండు రోజుల కొలతలు పారేయాల్సి వచ్చింది. 'అ' డబ్బాలో 74 డిగ్రీలు చూపించింది. సంబరపడి ఫొటో కూడా తీశాను. తీరా చూస్తే థర్మామీటర్ ప్రోబ్ మీదే నేరుగా ఎండ పడుతోంది. అది కొలిచింది డబ్బాలో గాలిని కాదు, తననే. పైగా డబ్బాలన్నీ స్లాబు మీద ఆనించి ఉన్నాయి, కింద నుంచి స్లాబు వేడి. మళ్ళీ చేయాలనుకునేవాళ్ళు ఈ వరసలో చేయండి:

1. డబ్బాలను నేల నుంచి రెండడుగులు ఎత్తులో, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకుండా పెట్టండి.
2. ముఖం తప్ప మిగతా అయిదు వైపులా లోపల అంగుళం థర్మాకోల్ అంటించండి.
3. ప్రోబ్‌ను వెండి కాగితం చుట్టిన గొట్టంలో, రెండు చివరలూ తెరిచి, డబ్బా మధ్యలో వేలాడదీయండి.
4. పెట్టే ముందు నాలుగు థర్మామీటర్లనూ ఒకే గ్లాసు నీళ్ళలో ముంచి తేడా రాసుకోండి. మా దాంట్లో ఒకటి 1.5 డిగ్రీలు ఎక్కువ చూపించేది.
5. సాయంత్రం ఏడు వరకూ కొలవండి. నాలుగున్నరకే ఆపేస్తే సగం సంగతి తెలియదు.

సరిచేశాక వచ్చిన కొలతలు. నీడలో 40 డిగ్రీలున్న రోజు, సాయంత్రం 4:30కి: అ 62, ఆ 55, ఇ 54, ఈ 43. అదే రోజు ఏడింటికి: అ 39, ఆ 38, ఇ 38, ఈ 42.

ఇందులో రెండు సంగతులు నేను ఊహించనివి. ఒకటి, అడ్డ పలకలు దండగ. రిఫ్లెక్టివ్ గాజు కంటే ఒక్క డిగ్రీ మేలు, అంతే. ఏప్రిల్‌లో నాలుగున్నరకి సూర్యుడు 26 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పలకకీ పలకకీ మధ్య నుంచి నేరుగా దూరిపోతాడు. సన్‌షేడ్ అయినా అంతే. మే మొదటి వారంలో నాలుగింటికి సూర్యుడి ఎత్తు 34 డిగ్రీలు. అయిదడుగుల కిటికీకి పూర్తిగా నీడ కావాలంటే ఏడున్నర అడుగుల సన్‌షేడ్ కావాలి. దక్షిణం వైపు రెండడుగులు చేసే పని పడమర వైపు ఏడున్నర కూడా సరిగ్గా చేయదు, ఎందుకంటే అయిదింటికి సూర్యుడు 20 డిగ్రీలకి దిగిపోతాడు.

రెండోది ఇటుక. పగలంతా చల్లగా ఉండి, ఏడింటికి మిగతా మూడిటి కంటే వేడిగా ఉంది. గోడ పీల్చుకున్న వేడి నెమ్మదిగా లోపలికి వదులుతోంది. రోహిణి కార్తెలో రాత్రి మంచం గోడకి ఆనించి పడుకున్నవాళ్ళకి ఇది థర్మామీటర్ లేకుండానే తెలుసు. ఆరింటికి మూసేసే ఆఫీసయితే పట్టించుకోనక్కర్లేదు. మన డిస్పాచ్ డెస్కు మొదలయ్యేదే ఎనిమిదింటికి.

రిఫ్లెక్టివ్ గాజు మీద తీర్పు చెప్పింది మాత్రం ఎదురింటి పిన్ని గారు. నాలుగో రోజు మేడ మీదకి వచ్చి, "ఏమ్మా, మీ డబ్బా తిప్పుకోండి, మా వంటింట్లోకి రెండో సూర్యుడొస్తున్నాడు" అన్నారు.

లెక్క: డబ్బాలకి రూ. 5,900, థర్మామీటర్లు నాలుగు రూ. 1,800. ఇప్పటివరకు రూ. 9,550.

మూడో దశ: బరువంతా పడమటికి

కొలతలు చూశాక నిర్ణయం తేలికయింది. పడమటి వైపు మనుషులు కూర్చోకూడదు. మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, కేబుల్ షాఫ్టు, అంటే మనిషి అయిదు నిమిషాలకి మించి ఉండని గదులన్నీ ఆ గోడకి వేసేయాలి. పని చేసే హాలు ఉత్తర, దక్షిణాల కిటికీలతో వెనక్కి సాగాలి. పొడవు వైపులు అవే కావడం మన అదృష్టం. కిటికీ పైఅంచు 2.6 మీటర్ల ఎత్తులో ఉంటే పనికొచ్చే వెలుతురు ఆరు మీటర్ల లోపలికి వస్తుంది. రెండు వైపుల నుంచీ ఆరేసి పోగా హాలు మధ్యలో నాలుగున్నర మీటర్ల చీకటి పట్టీ మిగులుతుంది. నడవా, ఫైళ్ళ బీరువాలు, ప్రింటర్లు, మీటింగ్ గదులు అక్కడికి.

ఈ ప్లాను సిద్ధాంతి గారికి చూపించడానికి వెళ్ళినప్పుడు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఆయన చూసి, "నైరుతిలో బరువు పెట్టారు, మంచిదేనమ్మా. టాయిలెట్లు వాయవ్యం, సరే. ట్రాన్స్‌ఫార్మర్ ఆగ్నేయం, సంపు ఈశాన్యం, సరే" అంటూ పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయి, లిఫ్టు దగ్గర ఆగారు. "దీని కింద ఏముంటుంది?"

"గొయ్యండీ. మీటరున్నర."

"నైరుతిలో గొయ్యా!"

అక్కడితో ఆ డ్రాయింగ్ అయిపోయింది. వాదించలేదు. లిఫ్టులు గోడ మధ్యకి జరిపితే నాకు పోయేదేమీ లేదు. దక్షిణం నుంచి వరసగా: మెట్లు 12 అడుగులు, లిఫ్టులు, షాఫ్టు కలిపి 16, తర్వాత 14 అడుగుల లాబీ, చివర వాయవ్యంలో టాయిలెట్లు 12. మొత్తం 54. లాబీ ముందు మాత్రమే గాజు, అంతస్తుకి అయిదడుగుల ఎత్తున. నిజం చెప్పాలంటే లిఫ్టు దిగగానే లాబీ రావడం ముందటి ప్లాను కంటే బాగుంది.

స్ట్రక్చరల్ ఇంజనీరు గారు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఎండ సంగతి సరేనమ్మా, భూకంపం సంగతో?" అన్నారు. భూకంపాల కోడ్ ఐఎస్ 1893 : 2016 ప్రకారం విజయవాడ జోన్ 3, అంటే ప్రమాదం ఓ మోస్తరుగా ఉండే ప్రాంతం. లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడలు ఒక చివర పెడితే బిల్డింగు ఆ చివర గట్టిగా, ఈ చివర వదులుగా ఉంటుంది. ఊగినప్పుడు లిఫ్టు వైపు పట్టుకుని మెలి తిరుగుతుంది. కింద స్టిల్టు ఖాళీ కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. బరువు మధ్యకీ గట్టిదనం మధ్యకీ ఆయన లెక్కలో 4.9 మీటర్ల తేడా వచ్చింది, 25.6 మీటర్ల బిల్డింగులో.

విరుగుడు మా డ్రాయింగులోనే ఉంది. ఫైర్ ఎగ్జిట్ కోసం రెండో మెట్లు ఎలాగూ కావాలి. నేను వాటిని ఉత్తరం గోడ మధ్యలో ఇరికించాను. వాటిని తూర్పు చివరకి లాగి, చుట్టూ లిఫ్టు గోడల్లాంటి కాంక్రీటు గోడలే పెట్టాం. తేడా 1.1 మీటర్లకి దిగింది. ఉత్తరం కిటికీలు కూడా ఒకే వరసగా కలిసొచ్చాయి.

నేల గురించి క్లుప్తంగా. జల్లించిన మట్టి పది గ్రాములు కిరసనాయిల్లో, పది గ్రాములు నీళ్ళలో, గీతల గొట్టాల్లో పోసి ఒక రోజు ఉంచాను. కిరసనాయిల్లో 11 మి.లీ. దగ్గర ఆగింది, నీళ్ళలో 19కి ఉబ్బింది. 73 శాతం ఉబ్బు. నల్ల మట్టి. మామూలు ఫుటింగులు వద్దు, పైల్సే (లోతుకి దింపే కాంక్రీటు స్తంభాలు) అని సాయిల్ టెస్టు వాళ్ళు కూడా రాసిచ్చారు. వాదన లేదు.

లెక్క: పడమర గాజు 1,400 నుంచి 210 చ.అ.కి. మొత్తం గోడల్లో గాజు 45 నుంచి 22 శాతానికి.

నాలుగో దశ: పదిహేను మీటర్ల గీత

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఏం జరిగిందో ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా ప్లాటు పక్క గోడౌన్ గోడ మీద ఆ మట్టి గీత ఇంకా ఉంది. టేపు పెట్టి కొలిచాను. రోడ్డు నుంచి 52 సెంటీమీటర్లు. నా ప్లింత్ 30.

60కి పెంచాను. కారు ర్యాంపు ఎనిమిదికి ఒకటి వాలుతో 4.8 మీటర్లు అవుతుంది, ముందు ఖాళీలో సరిపోయింది. కానీ ఎత్తు 15.30 అయింది. అప్పుడు నేషనల్ బిల్డింగ్ కోడ్ తెరిచి చూస్తే, అసలు 15.00 కూడా తప్పే. 2016 కోడ్‌లో 15 మీటర్లు, ఆపైన ఉన్నవన్నీ హైరైజ్. 15 దాటితే అనుకున్నాను ఇన్నాళ్ళూ. "ఆపైన" అనే మాట చదివి, దాని ముందున్న "15 మీటర్లు" చూడలేదు. హైరైజ్ అయితే ఫైర్ ఏర్పాట్లు వేరు, ఖర్చు వేరు.

అంతస్తు 3.90 నుంచి 3.75కి తగ్గించాలి. తగ్గిస్తే బీము 60 సెం.మీ., ఏసీ డక్టు, దాని ఇన్సులేషన్, ఫాల్స్ సీలింగ్ కలిపి 45 సెం.మీ. పోగా తల మీద 2.70 మిగులుతుంది. ఓనరు గారికి తొమ్మిదడుగులు, అంటే 2.74 కావాలి. నాలుగు సెంటీమీటర్ల కోసం పది రోజులు గొడవ. బీములు లేని ఫ్లాట్ స్లాబు అడిగితే ఇంజనీరు గారు ఫోన్లోనే నవ్వారు.

చివరికి పెద్ద డక్టులే తీసేశాం. బీముల మధ్య కేసెట్ ఏసీలు, గ్యాసు పైపులు, తాజా గాలికి మాత్రం సన్న డక్టు. సర్వీసులకి 30 సెం.మీ. సరిపోయింది, తల మీద 2.85 మిగిలింది. ఇక్కడ మర్చిపోయింది డ్రెయిన్ పైపు. మన ఊరి ఉక్కకి ఏసీ నీళ్ళు ధారగా కారతాయి. పైపుకి మీటరుకి సెంటీమీటరు వాలు ఉండాలి. 12 మీటర్లు వెళ్తే 12 సెంటీమీటర్లు కిందకి దిగి సరిగ్గా బీముకి తగులుతుంది. బీము లోతులో మధ్య భాగంలో 75 మి.మీ. స్లీవులు (పైపు దూరడానికి గొట్టం ముక్కలు) కాంక్రీటు పోసే ముందే పెట్టాలి. తర్వాత డ్రిల్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. మా దాంట్లో 14 స్లీవులు, ప్రతిదానికీ డ్రాయింగులో నంబరు.

60 సెం.మీ. ప్లింత్ అంటే గీత కంటే 8 సెంటీమీటర్లే పైన. అది చాలదని తెలుసు. అందుకే:

1. మెయిన్ ప్యానెల్ బోర్డు స్టిల్టులోంచి మొదటి అంతస్తు షాఫ్టుకి.
2. జనరేటర్ నాలుగడుగుల దిమ్మ మీదకి.
3. లిఫ్టు గోతిలో ఫ్లోట్ స్విచ్. నీళ్ళు తగిలితే లిఫ్టు పై అంతస్తుకి వెళ్ళి ఆగిపోతుంది, కిందకి రాదు.
4. సర్వర్ గది రెండో అంతస్తులో.

లెక్క: 0.60 + 3.00 + 11.25 = 14.85 మీటర్లు. మిగిలింది 15 సెంటీమీటర్లు. సెంట్రింగ్ మేస్త్రికి ఈ అంకె ఎర్ర ఇంకుతో రాసిచ్చాను.

అయిదో దశ: "గోడౌన్‌లా ఉందమ్మా" (మే)

పడమటి గోడ మూసేసిన ఎలివేషన్ చూసి ఓనరు గారు అన్నమాట అది. పాతికేళ్ళుగా గోడౌన్లు కట్టించిన మనిషి. ఆయన అన్నారంటే నిజమే.

అడ్డ పలకలు పనికిరావని తెలిసింది కాబట్టి నిలువు పలకలు. గోడకి అరవై సెంటీమీటర్ల ముందు, మొత్తం ముఖానికి. మధ్య ఖాళీలో శుభ్రం చేసే మనిషి నడవొచ్చు, ఇటుక గోడకీ నీడ ఉంటుంది, రాత్రి లైట్లు వేస్తే హైవేకి కనపడుతుంది. గోడకి సూటిగా నిలబెడితే సూటిగా వచ్చే ఎండకి అడ్డే లేదు. అందుకని 45 డిగ్రీలు వాయవ్యానికి తిప్పాలి. శీతకాలం సాయంత్రం సూర్యుడు నైరుతిలో ఉంటాడు, పలక వీపుకి తగిలి ఆగిపోతాడు. ఇబ్బంది వేసవిలోనే. మే మొదట్లో నాలుగింటికి సూర్యుడు పడమర నుంచి 9 డిగ్రీలు ఉత్తరానికి ఉంటాడు. 300 మి.మీ. పలకలు, 200 మి.మీ. ఎడం పెడితే నా లెక్కలో పలకకీ పలకకీ మధ్య 22 మి.మీ. ఎండ గీత దూరాలి. అంతవరకు పర్వాలేదు.

వడ్రంగి చేత చెక్కతో ఎనిమిది పలకల ఫ్రేము చేయించి, ప్లాటు ముందు గోడ పక్కనే నిలబెట్టాం. నాలుగింటికి వెనక పెట్టిన తెల్ల ప్లై మీద ఎండ గీతలు పడ్డాయి. స్కేలు పెట్టాను. 46 మిల్లీమీటర్లు. రెట్టింపు.

పలక వెడల్పు కొలిచాం. చిత్రిక పట్టాక 298, పెద్ద తేడా లేదు. కోణం మూలమట్టంతో చూశాం, సరిగ్గా ఉంది. లెక్క మూడుసార్లు వేశాను. "మేడమ్, చెక్క అబద్ధం చెప్పదు" అన్నాడు వడ్రంగి. అయితే రోడ్డు చెబుతోందేమో అనిపించింది. మేమంతా పడమర, పడమర అంటున్నాం, అది నిజంగా పడమరేనా? ఫోన్లో దిక్సూచి చూస్తే, పక్కనే దింపిన ఇనుప కడ్డీల దగ్గర ఒక మాట, నాలుగడుగులు జరిగితే ఇంకో మాట చెబుతోంది.

సరే, మధ్యాహ్నం కర్ర పాతి నీడ చూస్తే ఉత్తరం తేలిపోతుంది కదా అని మర్నాడు వెళ్ళాను. 12:04కి మన ఊరికి సూర్యుడు నడినెత్తి మీదకి వస్తాడు. కర్ర పాతాను. నీడ లేదు. కర్ర మొదట్లో చిన్న నల్ల చుక్క, అంతే. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుగా పోతాడు. ఉత్తరం కనుక్కోవడానికి ఇంత పనికిమాలిన రోజు ఏడాదిలో మళ్ళీ ఆగస్టులో ఇంకొకటి ఉంటుంది.

ముహూర్తం మాట్లాడడానికి వచ్చిన సిద్ధాంతి గారు ఇదంతా చూసి, "మధ్యాహ్నం ఎందుకమ్మా చూడడం? శంకుస్థాపన అనే మాట ఎక్కడిదనుకున్నావు?" అన్నారు. ఆయన చేయించిన పద్ధతి:

1. నేల చదును చేసి, నీటిమట్టం చూసుకుని, రెండడుగుల కర్ర నిట్టనిలువుగా పాతాలి. అదే శంకువు.
2. కర్ర మొదలు కేంద్రంగా తాడుతో రెండున్నర అడుగుల వ్యాసార్ధం వలయం గీయాలి.
3. పొద్దున నీడ కొస వలయాన్ని తాకి లోపలికి వచ్చేచోట మేకు కొట్టాలి.
4. సాయంత్రం నీడ కొస వలయం దాటి బయటికి పోయేచోట ఇంకో మేకు.
5. రెండు మేకులకీ దారం కడితే అది తూర్పు పడమరల గీత.

దారానికీ మా ప్రహరీకీ మధ్య కోణం కొలిచాం. ఆరు డిగ్రీలు. మా రోడ్డు వైపు ముఖం పడమర నుంచి ఆరు డిగ్రీలు దక్షిణానికి తిరిగి ఉంది. సూర్యుడు 9 డిగ్రీలు అటు, ముఖం 6 డిగ్రీలు ఇటు, మొత్తం 15. ఆ 15తో లెక్క వేస్తే గీత 45 మిల్లీమీటర్లు. స్కేలు చూపింది 46. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నిద్రపట్టిన రాత్రి అదే. "విదిక్కు దోషం (స్థలం దిక్కులకి ఓరగా ఉంటే చెప్పేది) ఉందంటారా?" అని అడిగితే, "ఆరుకేం ఉండదులే" అన్నారాయన.

ఎడం 200 నుంచి 150కి తగ్గించాం. నాలుగింటికి గీతలు పోయాయి. మే చివర అయిదింటికి మళ్ళీ సన్నగా వస్తాయి, వదిలేశాను.

లెక్క: చెక్క, వడ్రంగి కలిపి రూ. 6,800. ఇప్పటివరకు రూ. 16,350.

ఆరో దశ: ఆటోనగర్ పలకలు (జూన్, జూలై)

అసలు పలకలు అల్యూమినియం రేకు మడిచి, లోపల బోలుగా, 3.6 మీటర్ల పొడవు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేయించాను. ఎలివేషన్ పనులు చేసేవాళ్ళు చెప్పిన ధరలో సగానికి ఒప్పుకున్నారు, రేకు మడవడం వాళ్ళకి కొట్టిన పిండి. పలక రూ. 2,800. మూడు పలకలు ముందు చేయించి చెక్క ఫ్రేము చోటే బిగించాం.

మొదటి రోజే మధ్యాహ్నం టక్‌మని చప్పుడు, తర్వాత మధ్య పలక విల్లులా వంగింది. పైనా కిందా రివిట్లతో గట్టిగా కొట్టేశారు. తెల్లారి 25 డిగ్రీల నుంచి ఎండలో 65కి వెళ్తే 3.6 మీటర్ల అల్యూమినియం 3.3 మి.మీ. సాగుతుంది. దానికి చోటు లేదు. వారం తర్వాత వచ్చిన గాలిదుమారానికి మూడూ ఈలలు వేశాయట, వాచ్‌మన్ నిద్రపోలేదు. చివరలు మూయలేదు మరి. గాలి లెక్కలుండే ఐఎస్ 875 కోడ్ ప్రకారం విజయవాడకి డిజైన్‌లో తీసుకోవాల్సిన కనీస (బేసిక్) గాలి వేగమే సెకనుకి 50 మీటర్లు. ఇవి ఈ దుమారానికే ఊగాయి. మార్పులు:

1. కింద బోల్టు బిగింపు, పైన 20 మి.మీ. పొడవు రంధ్రం, నైలాన్ వాషరు.
2. లోపల మధ్యలో చదరపు పైపు, రేకు డప్పులా మోగకుండా.
3. రెండు చివరలా మూతలు, కింద మూతకి నీళ్ళు పోవడానికి చిన్న బెజ్జం.
4. ఇనుప బ్రాకెట్‌కీ అల్యూమినియానికీ మధ్య రబ్బరు. నేరుగా తగిలితే వానాకాలం తేమకి అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

సంఖ్య కూడా తగ్గించాం. ముఖమంతా 150 ఎడంతో అయితే 330 పలకలు, రూ. 9,24,000. గాజు ఉన్న 14 అడుగుల మేరకే 150, మూసిన గోడ ముందు 300 ఎడం చాలు. అంతస్తుకి 69, మొత్తం 207 పలకలు, రూ. 5,79,600. రోడ్డు మీద నుంచి చూస్తే లాబీ దగ్గర చిక్కగా, పక్కల పలచగా కనపడుతుంది. ఓనరు గారు దాన్ని డిజైన్ అనుకున్నారు. నేను అవునన్నాను.

లెక్క: మూడు పలకలు రూ. 8,400. నమూనాల మొత్తం రూ. 24,750. పడమర గాజు 210 చ.అ. ఎత్తు 14.85.

జూలై చివరి వారం

డ్రాయింగులు అప్రూవల్‌కి వెళ్ళాయి. మార్చిన మూడు పలకలు వాన చూడడానికి ప్లాటులోనే ఉంచాం. చప్పుడు లేదు, వంకర లేదు. సోమవారం వెళ్ళి చూస్తే మధ్య పలక పై బ్రాకెట్ మీద నాలుగు ఎండు పుల్లలు, ఒక కొబ్బరి పీచు. ఎదురుగా కరెంటు తీగ మీద పావురం నా వైపే చూస్తోంది. బ్రాకెట్ పైభాగం బల్లపరుపుగా 60 మి.మీ. ఉంది. వాలుగా కోసి మళ్ళీ చేయమని షెడ్డుకి ఫోన్ చేశాను. 414 బ్రాకెట్లు, ఒక్కోదానికి ఎంత పెరుగుతుందో రేపు చెబుతామన్నారు.